నేను దిగిన వ్యాను

ఆమె పార్లమెంటుకు గెలిచిన రోజు మధ్యాహ్నం నేను తలుపు గడియ పెట్టుకుని, చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద బ్యాండు మేళం మోగుతోంది. కాసేపటికి ఆ మోత మా గల్లీలోకి వచ్చింది. ఎవరో పక్క పోర్షన్ తలుపు కొట్టి ఆమె తల్లిని ఊరేగింపు జీపులో ఎక్కించుకున్నారు. తర్వాత నా తలుపూ కొట్టారు.

"టీచరమ్మా, నువ్వు గూడ రా. నీ చెల్లె గెలిచింది!" అని ఒక ఆడగొంతు పిలిచింది.

పప్పులో రాళ్ళు ఎప్పుడో అయిపోయాయి. అయినా ఏరుతూనే ఉన్నాను.

ఆమె నాకు చెల్లెలు కాదు, చుట్టం కూడా కాదు. ఒకే బడిలో పంతులమ్మలం, ఒకే ఇంట్లో పక్కపక్క పోర్షన్లలో కిరాయికి ఉన్నవాళ్ళం. నాకంటే ఏడాది చిన్నది కాబట్టి అక్కా అని పిలిచేది. ఆమె మీద నాకున్నది ఈర్ష్య అని ఒప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. అంతకు ముందు దానికి రకరకాల పేర్లు పెట్టుకున్నాను. ఆమె మంచి కోరుతున్నాను అనుకున్నాను. ఉన్నమాట అంటున్నాను అనుకున్నాను. ఒంట్లో బాగాలేదు అని కూడా అనుకున్నాను.

అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్ అంటే ఊరి చివర. సిటీ బస్సు అక్కడిదాకా వచ్చి వెనక్కి తిరిగేది. అవతల ద్రాక్షతోటలు, రాళ్ళ గుట్టలు, బెజవాడ పోయే రోడ్డు. ఇప్పుడు ఎల్‌బీ నగర్ అంటున్న చౌరస్తాలో ఒక చాయ్ హోటలు, లారీ టైర్లకు పంక్చర్లు వేసే రేకుల షెడ్డు తప్ప చెప్పుకోదగ్గదేమీ ఉండేది కాదు. మా ఇద్దరివీ నల్లగొండ జిల్లా పల్లెలే. మా ఆయన బస్సు డిపోలో గుమాస్తా. మాకు మూడేళ్ళ కూతురు. ఆమెకు పెళ్ళయిన రెండో ఏడే భర్త కామెర్లతో పోయాడు. తల్లిని తెచ్చుకుని ఉద్యోగం చేసుకుంటూ బతుకుతోంది.

బడిలో ఆమె చిన్న తరగతులకు అక్షరాలు, పెద్ద ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేది. మాట తక్కువ. ప్రధానోపాధ్యాయుడు ఏమైనా అడిగితే ముందు నా వైపు చూసేది, ఆమె తరఫున నేను చెప్పేదాన్ని. పండగ రోజు గిన్నెలో పాయసం పోసి ఆమెకు పంపేదాన్ని. ఆమెను చూసి జాలిపడటం నాకు అలవాటైపోయింది, నిజం చెప్పాలంటే ఇష్టమైపోయింది. నాకు భర్త ఉన్నాడని, బిడ్డ ఉందని, నలుగురిలో మాట్లాడే నోరుందని ఆమె పక్కన నిలబడ్డప్పుడే బాగా గుర్తొచ్చేది.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం వచ్చింది. మా ఉద్యోగాలు మాకు కావాలి, మా రాష్ట్రం మాకు కావాలి అని పిల్లలు బళ్ళు, కాలేజీలు వదిలి రోడ్లెక్కారు. బడికి తాళం పడింది. ఉద్యోగస్తులు సమ్మెకు దిగారు. మలక్‌పేటలో ఒక షామియానా కింద టీచర్ల మీటింగు జరిగితే నేను లేచి మాట్లాడాను. ఏం మాట్లాడానో ఇప్పుడు గుర్తులేదు, చప్పట్లు మాత్రం గుర్తున్నాయి. మా వైపు ఉద్యమం నడిపించే ముసలి వకీలు ఒకాయన ఉండేవాడు. మీటింగు అయిపోయాక ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, నీ నోట్ల సరస్వతి ఉన్నది. బెజవాడ రోడ్డు మీద ఆడోళ్ళు కూసునేటప్పుడు ముంగట నువ్వే ఉండాలె" అన్నాడు.

ఆ రాత్రి మా ఆయనకు చెప్పాను. "పో. కానీ జర పైలం" అన్నాడు. బిడ్డను రోడ్డు మీద కూర్చోవడానికి ముందు రోజే అంబర్‌పేటలో మా ఆడబిడ్డ ఇంట్లో దింపి వచ్చాను. అద్దం ముందు నిలబడి చెయ్యి ఎత్తి మాట్లాడటం సాధన చేశాను. నేనూ వస్తానని ఆమె అడిగింది. "నీకెందుకే, అమ్మను చూసుకో. అక్కడ లాఠీలు లేస్తయి" అన్నాను. లాఠీల భయం కంటే, నా పక్కన ఇంకో టీచరు ఉండటం నాకు ఇష్టం లేకపోయింది.

ఆ రోజు ఇరవై మంది ఆడవాళ్ళం పొద్దున్నే చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా కూర్చున్నాం. అటు హయత్‌నగర్ దాకా లారీలు నిలిచిపోయాయని చెప్పుకున్నారు. నేను లేచి నిలబడి మాట్లాడాను, నినాదాలు ఇప్పించాను. చాయ్ హోటలు వాళ్ళు బిందెతో నీళ్ళు తెచ్చి పెట్టారు. పదకొండు గంటల వేళ ఆమె దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడుచుకుంటూ నాకు టిఫిన్ తెచ్చి రోడ్డు పక్కన నిలబడింది. ఆమె వెనకే పోలీసు వ్యాను వచ్చింది.

ఇన్‌స్పెక్టరు అరవలేదు, తిట్టలేదు. వకీలు సాబ్‌తో మర్యాదగానే మాట్లాడి మమ్మల్ని ఎక్కమన్నాడు. నేను రెండోదాన్ని ఎక్కాను. లోపల ఇనుప బెంచీ పెనంలా కాలుతోంది. కిటికీలకు జాలీ. మా వెనక ఎక్కిన ముసలామె ఒకతి వాంతి చేసుకుంది. అందరూ ఎక్కాక ఇన్‌స్పెక్టరు తలుపు దగ్గర నిలబడి ఒక మాట అన్నాడు.

"సర్కారు నౌకరీ చేసేటోళ్ళు ఎవరన్న ఉంటె ఇప్పుడే దిగుండ్రి. జైల్ల పేర్లు రాసినంక నా చేతుల ఏం లేదు. నౌకరీ పోతది."

అప్పటిదాకా జైలంటే నాకు పూలదండలే కనపడ్డాయి. ఆ క్షణాన బెంచీ, జాలీ, వాంతి కనపడ్డాయి. ఉద్యోగం పోతే మళ్ళీ పల్లెకు పోయి అత్తగారి ముందు నిలబడటం కనపడింది. నేను లేచాను.

"నా బిడ్డకు జరమొచ్చిందని పొద్దున కబురొచ్చింది. పోవాలె నేను" అన్నాను.

బిడ్డకు జ్వరం లేదు. కబురూ రాలేదు.

లోపలున్న ఆడవాళ్ళు కాళ్ళు పక్కకు తీసి దారి ఇచ్చారు. నేను దిగాను. వకీలు సాబ్ మొహం చూడలేదు. "ఇరవై మంది అని పేపరోళ్ళకు చెప్పిన" అని ఆయన గొణుక్కోవడం వినపడింది. ఆమె గబగబా నా దగ్గరికి వచ్చి టిఫిన్ నా చేతిలో పెట్టింది.

"అక్కా, పిల్లకు జరమంటే నువ్వు పోవాల్సిందే. నేను కూసుంట."

"నీ నౌకరీ?"

"చూద్దాం తియ్యి. అమ్మకు చెప్పు."

చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని వ్యాను ఎక్కింది. తలుపు మూసుకుంది. నేను ఆ టిఫిన్‌తో ఎండలో చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

ఆమె ఇరవై రెండు రోజులు చంచల్‌గూడ జైల్లో ఉంది. మొదటిసారి చూడటానికి పోయి వచ్చిన ఆమె తల్లి నేరుగా నా గుమ్మంలోకి వచ్చింది.

"బిడ్డకు జరం తగ్గిందా అని అడగమన్నది నిన్ను. ఇంకేం అడగలే, గదే అడిగింది" అంది.

"తగ్గింది పెద్దమ్మా" అన్నాను.

విడుదలైన రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో లారీ మీద ఎక్కించి దండలు వేశారు. మాట్లాడమన్నారు. ఆమె మైకు పట్టుకుని వణికింది. నేను జనంలో ముందు వరసలోనే ఉన్నాను. ఎక్కడ తడబడుతుందో, ఏ వాక్యం సగంలో వదిలేస్తుందో లెక్కపెడుతున్నాను. మొత్తం నాలుగు ముక్కలు మాట్లాడింది. లోపల ఇంకా ఆడవాళ్ళున్నారు, వాళ్ళ పిల్లలు బయట ఉన్నారు, వాళ్ళకు అన్నం ఎవరు పెడుతున్నారో మనం చూడాలి, అంతే. దిగిపోయింది. చప్పట్లు కూడా సరిగా పడలేదు. కానీ ఆ సాయంత్రమే మా బస్తీ ఆడవాళ్ళు ఆ పిల్లల ఇళ్ళు వెతుక్కుంటూ బయల్దేరారు. నా ఉపన్యాసం విని ఎవరూ ఎటూ బయల్దేరలేదు.

మా ఇంటి ఓనరమ్మది కృష్ణా జిల్లా. ఆ రోజుల్లో బిక్కుబిక్కుమంటూ ఉండేది. ఒకసారి కొందరు కుర్రాళ్ళు ఓనరమ్మ కిటికీ మీద రాయి వేస్తే, పక్క పోర్షన్ నుంచి ఈమె పోయి గేటుకు అడ్డంగా నిలబడి, "ఇది నేనుండే ఇల్లు. రాయి నాకే తగుల్తది" అని మాత్రం అంది. వాళ్ళు వెళ్ళిపోయారు. అప్పటి నుంచి ఓనరమ్మ నాతో, "మీరు బాగా మాట్లాడతారండీ. ఆవిడ తక్కువ మాట్లాడుతుంది. అందుకే ఏం చెప్పినా నమ్మబుద్ధేస్తుంది" అనడం మొదలుపెట్టింది. ఓనరమ్మ నన్ను మెచ్చుకున్నదే అనుకోండి. నాకు మాత్రం కంట్లో నలుసు పడ్డట్టయింది.

ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. నన్ను తీయలేదు. బడి తెరిచారు, నేను పోయాను. ఆమె ఊళ్ళు తిరగడం మొదలుపెట్టింది.

కొన్ని నెలలకు మా వైపు అసెంబ్లీ సీటు ఖాళీ అయింది. ఉద్యమం పెద్దలు ఎవరినో ఆడమనిషిని నిలబెట్టాలనుకుంటున్నారని బడిలో వినపడింది. ఒక ఆదివారం వకీలు సాబ్, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు మా గేటు తీసుకుని లోపలికి వచ్చి, నేరుగా నా గుమ్మం ముందు ఆగారు. లోపలికి పోయి చీర మార్చుకున్నాను. గాజు గ్లాసులు తీసి చాయ్ పెట్టాను. ముందు ఒద్దని రెండుసార్లు బతిమాలించుకోవాలా, ఒక్కసారి చాలా అని కూడా ఆలోచించాను.

వకీలు సాబ్ చాయ్ తాగి గ్లాసు కింద పెట్టాడు.

"అమ్మా, నీతోని ఒక పని పడ్డది. నీ మాటంటే ఆమెకు గురి. నిలబడమంటె భయపడుతున్నది. జర నువ్వు చెప్పి ఒప్పియ్యాలె."

"ఎవరికి?" అన్నాను, తెలిసి కూడా.

ఆయన గోడ అవతలికి చూపించాడు.

చెప్తానన్నాను. వాళ్ళు పోయాక ఆమె దగ్గరికి పోయాను. ఆమె మిషను ముందు కూర్చుని పక్కింటి పిల్లకు లంగా కుడుతోంది.

"నీకెందుకే ఈ గొడవ?" అన్నాను. "మొగోళ్ళ మధ్యల తిరగాలె. భర్త లేనిదానివి, జనం నానా మాటలంటరు. అసెంబ్లీల ఇంగ్లీషు మాట్లాడాలె. నలుగుట్ల నవ్వులపాలైతవు. నీ మంచికే చెప్తున్న."

ఆమె దారం తెంపి నా మొహంలోకి చూసింది. "నిజమే అక్కా. నువ్వు చెప్తే నిజమే" అంది.

రెండు రోజులు ఒప్పుకోలేదు. మూడో రోజు ఆమె తల్లి, అక్షరం రాని మనిషి, గట్టిగా అరవడం గోడ ఇవతలికి వినపడింది. "నవ్వెటోళ్ళు నువ్వు ముండమోసిన నాడు గూడ నవ్విన్రు! చస్తివా?" ఆ సాయంత్రం ఆమె ఒప్పుకుంది. నెల తిరిగేసరికి ఎమ్మెల్యే అయింది.

ఎమ్మెల్యే అయ్యాక కూడా అదే పోర్షన్. అసెంబ్లీకి బస్సులోనే పోయేది. తెల్లారేసరికి మా ఉమ్మడి వాకిట్లో జనం నిండిపోయేవాళ్ళు. చెప్పులు నా గుమ్మం ముందు విడిచేవాళ్ళు. నేను బట్టలారేసే తీగ కింద అర్జీలు పట్టుకుని కూర్చునేవాళ్ళు. నేను బయటికి వస్తే, "అమ్మా, మేడం లేసిందా? జర నీళ్ళియ్యి" అనేవాళ్ళు. బస్తీకి నల్లా నీళ్ళు తెచ్చింది. మా బడి పైకప్పు బాగుచేయించింది. తన పేరు ఎక్కడా రాయించుకోలేదు. రాయించుకుని ఉంటే నాకు చెప్పుకోవడానికి ఏదో ఒకటి దొరికేది.

మా ఆయన ఒకరోజు అన్నం తింటూ, "ఆమెను చూసి నేర్చుకోవాలె. ఇంత ఎత్తుకు పోయినా కొంచెం గూడ మారలే" అన్నాడు. నేను రెండోసారి కూర వడ్డించలేదు. ఇంకోరోజు నా కూతురు భుజాన తువ్వాలు కొంగులా వేసుకుని, కాగితాలు చేత్తో పట్టుకుని వాకిట్లో ఆడుతోంది. "ఏం ఆట?" అంటే "ఎమ్మెల్యే ఆట" అంది. "టీచరాట ఆడుకోరాదే?" అన్నాను. "టీచరు రోజూ ఇంట్ల ఉన్నదే గదా" అంది.

పార్లమెంటు ఎన్నికలు అనుకోకుండా ముందే వచ్చాయి. ఉద్యమం వాళ్ళు పెట్టిన పార్టీ ఆమెకే టిక్కెట్టు ఇచ్చింది. ఎమ్మెల్యే అయి ఏడాది పైన అయిందో లేదో, ఢిల్లీ! బడిలో మధ్యాహ్నం అన్నాలప్పుడు ఒక టీచరు, "ఎంత ధైర్యం ఆమెకు, నౌకరీ పోతదని తెలిసి గూడ వ్యాను ఎక్కింది" అంది. నా నోరు ఆగలేదు.

"ఎక్కడి ధైర్యం? ఆమె ఉద్యమానికి రానే లేదు. నాకు టిఫిన్ తెచ్చింది. ఒక మనిషి తక్కువైతే ఎక్కి కూసున్నది" అన్నాను.

ఎందుకు తక్కువైందో చెప్పలేదు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. వారం తిరగకుండా అవతలి పార్టీ వాళ్ళు జీపుకు మైకు కట్టుకుని "టిఫిన్ డబ్బా నాయకురాలు" అని అరుస్తూ తిరిగారు. గోడల మీద టిఫిన్ బొమ్మలు గీశారు. ఆమె నన్ను ఏమీ అడగలేదు. నా నోటి నుంచి పోయిన మాట అని ఆమెకు తట్టనే లేదని తర్వాత తెలిసింది.

ఆఖరి మీటింగు దిల్‌సుఖ్‌నగర్‌లోనే. మా ఆయన నన్ను లాక్కుపోయాడు. ఆమె మైకు అందుకోగానే జనం మధ్య నుంచి ఒకడు లేచాడు.

"నువ్వు టిఫిన్ ఇయ్యనీకి వస్తివా, ఉద్యమం చెయ్యనీకి వస్తివా? ముందు గది చెప్పు!"

జనం గోలగా నవ్వారు. ఇప్పుడు తడబడుతుంది అనుకున్నాను.

"టిఫిన్ ఇయ్యనీకే వచ్చిన" అంది ఆమె. "మా అక్క కోసం తెచ్చిన. అక్క బిడ్డకు జరమొచ్చింది. తల్లి బిడ్డ దగ్గరికి పోవాలె గదా. ఆ జాగల ఎవరన్నొకరు కూసోవాలె. నేను ఆడ ఉన్న, కూసున్న. మీరు ఉన్నా గదే చేస్తుంటిరి."

తర్వాత మొదలైన చప్పట్లు ఎంతసేపు కొట్టారో చెప్పలేను. వెనకున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. నేను ఆమె మీదికి విసిరిన రాయి ఆమె చేతిలో పువ్వయిపోయింది.

మా ఆయన నా చెవి దగ్గరికి వంగాడు. "బిడ్డకు జరమెప్పుడొచ్చింది?" అన్నాడు.

నేను ముందుకే చూస్తూ ఉండిపోయాను. ఇల్లు చేరేదాకా ఆయన మళ్ళీ అడగలేదు. తాళం తీస్తూ, "అంబర్‌పేటల పిల్ల మంచిగనే ఉండె గదా" అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. ఆ తర్వాత ఆయన నా ముందు ఆమెను ఎప్పుడూ పొగడలేదు. అది పొగడటం కంటే ఎక్కువ కష్టంగా ఉండేది.

ఆమె గెలిచింది. నేను పప్పు ఏరుకున్నాను.

ఢిల్లీ పోయే ముందు నా దగ్గరికి వచ్చి, "అమ్మను నీ చేతుల పెడుతున్న అక్కా" అంది. పెద్దమ్మకు అక్కడి చలి పడదు, పైగా ఆమెకు గల్లీ వదలడం ఇష్టం లేదు. ఒప్పుకున్నాను. పెద్దమ్మను నిజంగానే బాగా చూసుకున్నాను. కూతురి కంటే నేనే బాగా చూస్తున్నానని నలుగురూ అనాలని చూసుకున్నాను.

పదిహేను రోజులకోసారి ఉత్తరం వచ్చేది. పెద్దమ్మకు చదువు రాదు కాబట్టి నేనే చదివి వినిపించేదాన్ని. ఆమె అక్కడ ఒంటరిగా ఉందని, పెద్ద పెద్దవాళ్ళ మధ్య వెనక వరసలో కూర్చుంటుందని, రొట్టెలు తినలేక సొంతంగా అన్నం వండుకుంటుందని రాసేది. ఆ సంగతులు నేను నెమ్మదిగా, అక్షరం వదలకుండా చదివేదాన్ని. ఒక ఉత్తరంలో మాత్రం ఇలా ఉంది: "అమ్మా, ఇయ్యాల నేను సభల లేచి మాట్లాడిన. మన దిక్కు బావులు ఎండిపోవుడు గురించి, ఆడోళ్ళు నీళ్ళకు నడిచే దూరం గురించి. చేతులు వణికినయి గానీ ఆగలే. అందరు సప్పుడు చెయ్యకుండ విన్నరు. నువ్వు చూస్తే మంచిగుండు అనిపించింది."

దాన్ని వదిలేసి కింది పేరాకు పోయాను. చలి గురించి చదివాను.

"గింతేనా?" అంది పెద్దమ్మ.

"గింతే పెద్దమ్మా."

ఆమె ఉత్తరం అందుకుని, చదవలేని ఆ అక్షరాలను వేలితో తడిమి, మడిచి పెట్టెలో పెట్టుకుంది.

ఆ ఏడే, రాష్ట్రం రాకముందే, ఆమె పార్టీ పెద్దలు పాలక పార్టీలో కలిసిపోయారు. ఎవరికి వ్యతిరేకంగా ఓట్లడిగారో వాళ్ళ దగ్గరికే పోయారు. ఆమె కూడా వాళ్ళ వెంట పోయింది. పేపర్లో చదివి నేను లేచి నిలబడ్డాను. ఇప్పుడు నువ్వు కూడా దిగినవు అనుకున్నాను. ఆ మధ్యాహ్నం బడిలో ఎంత హుషారుగా పాఠం చెప్పానో.

సాయంత్రానికి జనం మా గేటు ముందుకు వచ్చారు. దండలు వేసినవాళ్ళే. "బయటికి రావాలె!" అని అరిచారు. గేటు ఊపారు. లోపల పెద్దమ్మ మంచం మీద వణికిపోతోంది. ఓనరమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఏదైనా చెప్పండి, మీరు మాట్లాడగలరు కదా" అంది. నేను బయటికి పోయాను. చాలా చెప్పగలిగి ఉండేదాన్ని. "ఆమె ఢిల్లీల ఉన్నది. ఇంట్ల ముసలామె ఒక్కతే ఉన్నది" అని మాత్రం అన్నాను. ఇంకాసేపు అరిచి పోయారు. వాళ్ళు తిడుతున్నంతసేపూ నా లోపల ఒక మూల చల్లగా ఉంది. ఆ సంగతి దాచను.

పది రోజులకు ఆమె వచ్చింది. చిక్కిపోయింది. తల్లి పక్కన కూర్చుని, "అమ్మా, మాటిచ్చి తప్పిన అని అందరు తిడుతున్నరు. ఒక్కదాన్ని బయట నిలబడి ఏం జేస్త అనుకున్న. తప్పో ఒప్పో" అంది. కాసేపాగి, "నేను సభల మాట్లాడిన అని రాస్తిని గదా, గదొక్కటే నాకు మిగిలింది" అంది.

"ఎప్పుడు మాట్లాడినవ్ బిడ్డా? నాకు రాయలే గదా" అంది పెద్దమ్మ.

ఆమె లేచి పెట్టె తీసింది. ఉత్తరం వెతికి పట్టుకుంది. నేను గుమ్మంలో అన్నం గిన్నెతో నిలబడి ఉన్నాను. ఆమె ఉత్తరం చూసింది, నన్ను చూసింది.

"ఎందుకక్కా?"

అబద్ధం చెప్పొచ్చు. అక్షరాలు కనపడలేదనొచ్చు. నాకెందుకో ఇక ఓపిక లేకపోయింది. గిన్నె కింద పెట్టి అంతా చెప్పేశాను. ఉత్తరం సంగతి, టిఫిన్ మాట బడిలో అన్నది నేనేనని, చివరికి, "ఆ రోజు పిల్లకు జరం లేకుండె. నాకు భయమైంది. దిగిన" అని.

ఆమె ఉత్తరం మడిచి పెట్టెలో పెట్టింది. గొంతు ఎత్తలేదు.

"జైల్ల ఇరవై రెండు రోజులు ఒక్క పూటనే తిన్న, నీ బిడ్డకు మంచిగ కావాలని మొక్కుకుని. నేను మొన్న దిగిన, నిజమే. జనం చూస్తుండంగ దిగిన. తిట్లు తింటున్న. నువ్వు పసిపిల్లను అడ్డం పెట్టుకుని దిగినవు."

మరుసటి రోజే తల్లిని తీసుకుని వేరే ఇంటికి మారిపోయింది. గోడ అవతల పోర్షన్‌లోకి ఎవరో కొత్త సంసారం వచ్చింది. ఆరేడేళ్ళు మా మధ్య మాటల్లేవు.

తర్వాతి పార్లమెంటు ఎన్నికల్లో ఆమెకు టిక్కెట్టు రాలేదు. విడిగా నిలబడి ఓడిపోయింది, ఘోరంగా. ఇక నా మనసు కుదుటపడుతుందనుకున్నాను. పడలేదు. ఓడిపోయిన మనిషి మీద కూడా ఈర్ష్య పడొచ్చని అప్పుడు తెలిసింది. ఎక్కినదీ ఆమే, పడినదీ ఆమే. నేను మాత్రం సమయానికి బడికి పోయి, సమయానికి ఇంటికి వచ్చి, ప్రధానోపాధ్యాయురాలినయ్యాను.

పెద్దమ్మ పోయినప్పుడు కబురు పంపింది. పోయాను. ఇద్దరం ఏడ్చాం. పాత సంగతి ఎత్తలేదు. అప్పటి నుంచి పండగకో పబ్బానికో ఒక మాట ఉండేది. చౌరస్తాకు ఎల్‌బీ నగర్ అని పేరు స్థిరపడ్డాక, అక్కడ రెండు గదుల్లో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే కేంద్రం పెట్టింది. మొదటి రోజు నన్ను పిలిచింది.

"వచ్చి నాలుగు మాటలు మాట్లాడు అక్కా. నాకు మాట్లాడుడు ఎప్పటికీ రాదు."

వెళ్ళాను. ముప్ఫై నలభై మంది ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. ఇరవై నిమిషాలు మాట్లాడాను. చదువు గురించి, పని గురించి, సొంత కాళ్ళ మీద నిలబడటం గురించి. గొంతు ఎక్కడా తడబడలేదు. చప్పట్లు బాగా పడ్డాయి. ఆమె అందరికంటే గట్టిగా కొట్టింది. తర్వాత నన్ను చూపించి, "మా అక్క" అని రెండు ముక్కలు చెప్పి, మిషనులో దారం ఎట్లా ఎక్కించాలో చూపించడానికి కింద కూర్చుంది.

ఆడవాళ్ళందరూ లేచి ఆమె చుట్టూ మూగారు. నేను కాసేపు కుర్చీలో కూర్చున్నాను. ఎవరూ ఇటు తిరగలేదు. చేతిసంచీ తీసుకుని బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, ఇంటికి పోయి పొయ్యి వెలిగించాను.